మంత్రసానికి పురిటిగదిలో చోటు: ఏజెన్సీ నుంచి ఒక కాన్పు కేసు

ఏజెన్సీలో పనిచేసే నర్సులకి, ఏఎన్‌ఎమ్‌లకి, కొత్తగా డ్యూటీలో చేరే డాక్టర్లకి పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. తూర్పు కనుమల్లో ఒక కొండ ఊరు, దానికి దిక్కయిన ఒక పెద్దాసుపత్రి, ఆ రెంటి మధ్య ఒక మంత్రసాని. తల్లి పేరు చిలకమ్మ అనుకుందాం. మంత్రసానిని ఊరంతా అవ్వ అంటుంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఊరు, మండలం, తెగ, నెల, సంవత్సరం తీసేశాను. కుటుంబాన్ని పట్టించే వివరాలు ఒకట్రెండు మార్చాను. నేను జీఎన్‌ఎమ్ చదివి, ఆ తర్వాత మిడ్‌వైఫరీలో 18 నెలల శిక్షణ తీసుకున్న నర్సుని. కాన్పులు చెయ్యడమే నా పని.

నేపథ్యం

చిలకమ్మకి ఇరవై ఏడో, ఎనిమిదో ఉంటాయి. ఇది నాలుగో కాన్పు. మొదటిది ఇంట్లో, అవ్వ చేతుల మీద, ఏ ఇబ్బందీ లేకుండా అయింది. రెండోదీ ఇంట్లోనే. బిడ్డ మరీ చిన్నది, చన్ను పట్టలేక వారం తిరక్కుండానే పోయింది. ఆ చావు తర్వాత ఆశా, ఏఎన్‌ఎమ్ ఇద్దరూ పట్టుబట్టి మూడో కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అది మా ఆసుపత్రి కాదు, వేరేది. బిడ్డ బతికింది. తల్లి మాత్రం మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఎందుకని అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి కట్టారు. వెంట వచ్చిన అవ్వని గేటు దగ్గరే ఆపేశారు. తన భాష తెలిసిన మనిషి లోపల ఒక్కరూ లేరు. చెప్పకుండా కోత పెట్టారు. ఆ కుట్లు చీము పట్టి నెలరోజులు కూర్చోలేకపోయింది. బిడ్డ పుట్టాక రక్తం చాలా పోయిందట, డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క లేదు. అన్నిటికన్నా చివర, గొంతు తగ్గించి చెప్పింది: మాయని ఆసుపత్రి చెత్త వేసే పసుపు రంగు బకెట్లో పడేశారు. ఆ ఊళ్ళో మాయని ఇంటి పక్కనే గొయ్యి తీసి పాతిపెడతారు. కుక్క ముట్టకుండా పైన రాళ్ళు పేరుస్తారు. తన మూడో బిడ్డకి తరచూ జ్వరం రావడానికి ఆ బకెట్టే కారణమని చిలకమ్మ గట్టిగా నమ్ముతుంది.

సమస్య

28వ వారంలో ఏఎన్‌ఎమ్ చూసినప్పుడు హిమోగ్లోబిన్ 7.4. బరువు 41 కిలోలు, బీపీ మామూలే. సికిల్ సెల్ పరీక్ష, మలేరియా పరీక్ష రెండూ నెగెటివ్. పోయినసారి కాన్పయ్యాక రక్తస్రావం జరిగిందన్న మాట ఒకటి ఉంది. ఊరి నుంచి బండి వచ్చే రోడ్డుకి ఐదు కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో ఒక గెడ్డ, అంటే వాగు. రక్తం తక్కువున్న తల్లికి అర లీటరు పోయినా ప్రమాదమే. రక్తం నిండుగా ఉన్న మనిషి తట్టుకునేది ఈమె తట్టుకోలేదు. కాన్పు ఎక్కడ అన్నది ఇక్కడ ఇష్టాయిష్టాల ప్రశ్న కాదని ముందే అనుకున్నాం. రక్తనిల్వ ఉన్న చోటే కావాలి.

తల్లి జవాబు ఒక్కటే. "ఇంట్లోనే కంటాను. అవ్వ ఉంది."

అవ్వని అడిగితే, తాను పురుళ్ళు పొయ్యడం ఎప్పుడో మానేశానంది. అది అబద్ధమని ఊళ్ళో అందరికీ తెలుసు. కొన్నేళ్ళ కిందట కింది నుంచి వచ్చిన ఒక అధికారి, ఇంట్లో కాన్పు చేస్తే కేసు పెట్టి లోపల వేయిస్తానని ఊరి మధ్య నిలబెట్టి చెప్పాడట. అప్పట్నుంచి ఆమె పేరు బయటికి రాకుండా అందరూ జాగ్రత్తపడుతున్నారు. దాని ఫలితం ఏమిటో ఏఎన్‌ఎమ్ చెప్పింది: ఇంటి కాన్పులు ఆగలేదు, కబురు రావడం ఆగింది. ఇదివరకు నొప్పులు ఆలస్యమైతే అవ్వే మనిషిని పరిగెత్తించేది. ఇప్పుడు ఆ మనిషి రావడం లేదు. కొన్ని ఇళ్ళలో భయపడి అవ్వని కూడా పిలవకుండా అత్తగార్లే బొడ్డు కోసేస్తున్నారు.

ఆ బెదిరింపుకి చట్టంలో ఆధారం ఉందా? మంత్రసాని పనిని పేరు పెట్టి నిషేధించిన చట్టం లేదు. ఆ పని చేసుకునే హక్కు ఇచ్చిన చట్టమూ లేదు. ఈ మధ్యలోని సందులోనే కేసంతా నడిచింది. అందుకే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ సందు ఎలా ఏర్పడింది

మైదాన గ్రామాల్లో మంగలి ఇంటి ఆడవాళ్ళు, కొన్నిచోట్ల మాదిగ ఆడవాళ్ళు మంత్రసానులు. కొండల్లో ఫలానా కులమని లేదు, చెయ్యి తిరిగిన పెద్దామె ఎవరైనా సరే. పురుడు మైల కాబట్టి ఆ పని చేసేవాళ్ళకి ధాన్యం, చీర, ఒక కోడి దక్కేవి. మర్యాద అంతగా దక్కేది కాదు. మద్రాసు ఎగ్మూరులో 1844లో ప్రసూతి ఆసుపత్రి పెట్టి, 1854 నుంచి మిడ్‌వైఫ్‌లకి శిక్షణ మొదలుపెట్టారు. 1885లో ఆడవాళ్ళకి వైద్యం అందించడానికి డఫరిన్ ఫండు వచ్చింది. 1903లో వైస్రాయి భార్య కర్జన్ దొరసాని పూనికతో విక్టోరియా స్మారక నిధి ఏర్పడింది, దాని ఉద్దేశమే దాయీలకి, అంటే మంత్రసానులకి, శుభ్రమైన పద్ధతులు నేర్పడం. మురికి గుడ్డ, తుప్పు కత్తి, ధనుర్వాతం అంటూ ఆ కాలపు డాక్టర్లు మంత్రసాని మీద వేసిన నింద పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ అప్పటి ఆసుపత్రుల్లో కూడా పురిటి జ్వరంతో తల్లులు పోయేవారన్న సంగతి ఆ నిందలో ఎక్కడా కనబడదు.

ఇంగ్లండులో 1902లో మిడ్‌వైఫ్‌ల చట్టం చేసినప్పుడు ఒక తెలివైన పని చేశారు. చదువు లేకపోయినా అప్పటికే ఆ పనిలో ఉన్న మంచి పేరున్న ఆడవాళ్ళని, గడువు పెట్టి, జాబితాలోకి తీసుకున్నారు. పాతవాళ్ళు వెలిపోకుండా కొత్త నియమాల కిందికి వచ్చారు. మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. అదే తర్వాత ఆంధ్రప్రదేశ్‌కీ వారసత్వంగా దక్కింది. ఊళ్ళో పురుళ్ళు పోసే మంత్రసాని ఆ రిజిస్టరుకి ఆవలే ఉండిపోయింది. 1946లో, ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ, అర్హత గల మిడ్‌వైఫ్‌లు చాలినంతమంది తయారయ్యేదాకా దాయీలకి శిక్షణ ఇచ్చి వాడుకోమంది. తాత్కాలికం అన్న ఆ మాట అరవై ఏళ్ళు నడిచింది. కిట్లు ఇచ్చారు, సబ్బు, బ్లేడు, దారం ఇచ్చారు. ఆ శుభ్రతలకి, టీటీ ఇంజెక్షన్లకి ఫలం లేకపోలేదు. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట నిర్ధారణ అయిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 2003లో.

తర్వాత గాలి మారింది. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లాంటివి కలిసి సాంప్రదాయ మంత్రసానులకి శిక్షణ ఇవ్వాలన్నాయి. 2004 వచ్చేసరికి అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మిడ్‌వైఫ్‌ల, ప్రసూతి వైద్యుల అంతర్జాతీయ సంఘాలతో కలిసి, నిపుణ ప్రసూతి సహాయకుల నిర్వచనంలో మంత్రసానికి చోటు లేదని తేల్చేసింది. 2005లో జననీ సురక్ష యోజన, ఆశా వ్యవస్థ వచ్చాయి. డబ్బు, బండి, ప్రోత్సాహకం అన్నీ ఆసుపత్రి కాన్పుకే. దాయీ శిక్షణ చప్పుడు లేకుండా మూతపడింది.

ఆసుపత్రి కాన్పులు పెరగడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం. అంటే మామూలు కాన్పుని ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చునే విద్య ఊళ్ళోనూ పోయింది, ఆసుపత్రిలోనూ పోయింది. 1970ల తర్వాత ఏఎన్‌ఎమ్‌ని బహుళ ప్రయోజన కార్యకర్తని చేసి, టీకాలు, కుటుంబ నియంత్రణ టార్గెట్లు నెత్తిన పెట్టారు. ఆమె చేతిలోంచీ పురుడు జారిపోయింది. అందుకే 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మిడ్‌వైఫ్ అనే పదం చట్టం పేరులోకే ఎక్కింది. ఆ పదం నాకు వర్తిస్తుంది, అవ్వకి వర్తించదు.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి చట్టంలోకి తెచ్చుకోవడం మన ఒక్కళ్ళ తంటా కాదు. అమెరికాలో అలబామా 1976లో నర్సు చదువు లేని మంత్రసానుల్ని పక్కకి నెట్టి, 2017లో ధ్రువపత్రం ఉన్నవాళ్ళని మళ్ళీ అనుమతించింది. మెక్సికో 2024లో ఆరోగ్య చట్టాన్ని సవరించి సాంప్రదాయ మంత్రసానులకి గుర్తింపు ఇచ్చింది. ఒకచోట పరీక్ష పెట్టి గుర్తించారు, రెండోచోట సంప్రదాయాన్నే గుర్తించారు. మన ఏజెన్సీకి ఈ రెండూ సూటిగా అతకవని నా అభిప్రాయం. ఎందుకో చిలకమ్మ కేసులోనే తెలుస్తుంది.

ఏం చేసి చూశారు, ఏవి ఎందుకు పనిచెయ్యలేదు

మొదట ఆశా చెప్పే మాట: ఆసుపత్రిలో కంటే డబ్బు వస్తుంది. జననీ సురక్ష కింద మన దగ్గర పల్లె తల్లికి వచ్చేది 700. కోత కుట్ల జ్ఞాపకం ముందు ఆ 700 నిలబడలేదు. పైగా బ్యాంకు పుస్తకం మొగుడి ఊళ్ళో, ఆధార్ పుట్టింటి పేరుతో. పోయినసారి ఆ డబ్బే అందలేదు.

రెండోది ఐరన్ మాత్రలు. రోజుకి రెండు మింగమన్నారు. మలం నల్లబడిందని, కడుపులో తిప్పుతోందని మానేసింది. మాత్రల స్ట్రిప్పులు చూరులో దోపి ఉన్నాయి, ఏఎన్‌ఎమ్ చూసింది. తిడితే ఇంకెక్కడో దాస్తుంది తప్ప మింగదని తెలిసి ఏమీ అనలేదు. అది మంచి నిర్ణయం.

మూడోది గర్భిణుల వసతి గృహం. అప్పటి విజయనగరం జిల్లా ఏజెన్సీలో, సాలూరులో 2018లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. నెలలు నిండేవేళ కొండ దిగి వచ్చి ఆసుపత్రి దగ్గరే ఉండొచ్చు, తిండి, పరీక్షలు అక్కడే. చాలామంది ప్రాణాలు నిలబెట్టిన ఏర్పాటు, తక్కువ చెయ్యను. చిలకమ్మ కూడా అలాంటి గృహానికి వచ్చింది. నాలుగు రోజులుండి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, చోళ్ళు కోతకొచ్చిన చేను, తాగి పడిపోయే మొగుడు. పిల్లల్నీ తీసుకురావచ్చని తర్వాత చెప్పారు. చేనుని తీసుకురాలేదు కదా.

నాలుగోది బెదిరింపు. ఈసారి అవ్వ ఇంటికెళ్ళి, ఏదైనా జరిగితే బాధ్యత నీదేనని కింది సిబ్బందిలో ఒకరు మళ్ళీ హెచ్చరించారు. మర్నాటి నుంచి చిలకమ్మ ఏఎన్‌ఎమ్‌కి కనబడటం మానేసింది. బెదిరింపు పనిచెయ్యకపోవడం ఒక ఎత్తు, మిగతా మూడింటిని కూడా అది చెడగొట్టింది.

కేసు ఈ స్థితిలో నా దగ్గరికి వచ్చింది.

నిర్ణయం ఎలా తీసుకున్నాం

మా ముందు మూడు దారులు. ఏఎన్‌ఎమ్ పక్కనుండగా ఇంట్లోనే అవ్వ చేత కాన్పు చేయించడం ఒకటి. ఊరికి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చెయ్యడం రెండు. పెద్దాసుపత్రికి తీసుకురావడం మూడు.

మొదటి దారిని కొందరు మిత్రులు గట్టిగా సమర్థించారు. తల్లి ఇష్టం, అవ్వ నేర్పు, పక్కన శిక్షణ ఉన్న మనిషి, ఇంకేం కావాలని. పక్క రాష్ట్రం కర్ణాటకలో, బెళగావి జిల్లాలో, ఏఎన్‌ఎమ్‌లు గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలిచ్చి చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. కాన్పు తర్వాతి రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. అంటే ఆసుపత్రి బయట కూడా చెయ్యదగ్గది చాలానే ఉంది. కానీ ఆ మాత్ర ప్రమాదాన్ని సగానికి తెస్తుంది, తీసెయ్యదు. మిగిలిన సగంలో చిలకమ్మ పడితే ఐదు కిలోమీటర్ల డోలీ మోత ఆమెకి సరిపడదు. రక్తం నిండుగా ఉండి, ముందు రక్తస్రావం చరిత్ర లేని తల్లి అయితే నా జవాబు వేరుగా ఉండేదేమో. ఈ తల్లికి కాదు. ఆరోగ్య కేంద్రంలో రక్తం ఉండదు కాబట్టి రెండోదీ కుదరదు.

మూడో దారికి అడ్డం ఏమిటని చూస్తే ఆసుపత్రి కాదు, ఆసుపత్రిలో తనకి జరిగినవి. ఆమె చెప్పిన జాబితాలో మందులకి సంబంధించింది ఒక్కటీ లేదు. అవ్వ బయట ఉండటం, పడుకోబెట్టడం, చెప్పకుండా కొయ్యడం, మాయ. వీటిలో మూడు మార్చడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆడమనిషై ఉండాలి, అంటువ్యాధి ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, వైద్యంలో అడ్డు రాకూడదు. కాన్పు అనుభవం ఉన్నామె అయితే మేలని కూడా అందులో ఉంది. తోడు మనిషి మంత్రసాని కాకూడదని ఎక్కడా లేదు.

అవ్వని చట్టప్రకారం మంత్రసానిగా లోపలికి తేలేం. తోడు మనిషిగా తేవచ్చు. సూపరింటెండెంటుకి ఇలాగే రాసి పెట్టాం.

ఆమెతో మాట్లాడటానికి కొండెక్కినప్పుడు నేను మొదట అడిగింది చిలకమ్మ గురించి కాదు. రెండో బిడ్డ పోయినప్పుడు ఏం చూశావని అడిగాను. పుట్టగానే ఏడవలేదని, ఒళ్ళు చల్లగా ఉందని, తన రొమ్ముకి ఆనించుకుని పడుకున్నానని, మూడోరోజుకి పసుపు తిరిగిందని వరసగా చెప్పింది. కేసు షీట్లో నేను రాసుకునే వరస అదే. ఆ సంభాషణ తర్వాత, పురుళ్ళు మానేశానన్న మాట మళ్ళీ అనలేదు.

ఒప్పందం కాగితం మీద కాకుండా అరుగు మీద కుదిరింది. మా వైపు నుంచి: అవ్వ మొదటి నుంచి చివరిదాకా లోపలే ఉంటుంది. చిలకమ్మ కూర్చోవచ్చు, నడవచ్చు, గొంతుక్కూర్చుని కనొచ్చు. కోత అవసరమైతే అవ్వకి చెప్పి, ఆమె తల్లికి చెప్పాకే. వాళ్ళ వైపు నుంచి: నొప్పులు ముదిరాక కాదు, మొదలవగానే కబురు. కడుపు మీద పైనుంచి నొక్కడం లేదు. చేతికి సూదిగొట్టం పెట్టించుకోవాలి. బిడ్డ పుట్టగానే, రక్తం పోకుండా, తల్లి తొడకి ఇంజెక్షన్.

కడుపు నొక్కడం దగ్గర అవ్వ చాలాసేపు వాదించింది. బిడ్డ దిగకపోతే ఏం చేస్తారంది. గర్భసంచి చిరిగిన కేసు ఒకటి చూశానని, ఎలా ఉంటుందో చెప్పాను. కాసేపు ఊరుకుని, తన చిన్నప్పుడు పొరుగూళ్ళో అలాంటిదే జరిగిందని, అప్పట్లో అది దెయ్యం అనుకున్నారని చెప్పింది.

మాయ దగ్గర మేమే ఇరుక్కున్నాం. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అది పసుపు సంచిలోకే వెళ్ళాలి. సూపరింటెండెంటు ససేమిరా అన్నారు, ఆయన్ని తప్పుపట్టలేను. దారి చూపింది అవ్వే. "మాయ మీ దగ్గరే ఉండనీయమ్మా. నాకొకసారి చూపించండి. బొడ్డు ఊడినాక అది మాది, అదే పాతుకుంటాం." చిలకమ్మని అడిగింది, ఆమె తలూపింది. నేను ఆ రాజీ ప్రతిపాదించి ఉంటే నడిచేది కాదు.

నెత్తురు పెంచే పనికి కూడా అవ్వే దన్ను. మాత్రలు వదిలేసి, ఐరన్ సుక్రోజ్ సెలైన్‌లో ఎక్కిద్దామనుకున్నాం. విడతకి 200 మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు, మొత్తం 1000 దాకా. ప్రతిసారీ ఆరోగ్య కేంద్రానికి దిగి రావాలి. అవ్వ తోడు వచ్చింది కాబట్టి చిలకమ్మ వచ్చింది. 37వ వారానికి హిమోగ్లోబిన్ 9.6.

కాన్పు

పొద్దు వాలేవేళ నొప్పులు మొదలయ్యాయి. అవ్వ చెయ్యి పెట్టి చూసి, ఇవి ఉత్తి నొప్పులు కావని తేల్చి, సిగ్నల్ దొరికే రాతిగుట్ట మీదికి కుర్రాణ్ణి పంపింది. డోలీలో రోడ్డుకి, అక్కణ్ణుంచి 108లో మా దగ్గరికి. గేటు దగ్గర కాపలా మనిషి అలవాటు ప్రకారం అవ్వని ఆపాడు. ఆమె జాకెట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి, సూపరింటెండెంటు సంతకం ఉన్న చీటీ చూపించింది. ఆమెకి చదువు రాదు, ఆ చీటీ తలకిందులుగా పట్టుకుంది. అతను తిప్పి చదువుకుని వదిలేశాడు.

లోపలికొచ్చేసరికి గర్భసంచి ముఖం ఐదు సెంటీమీటర్లు తెరుచుకుంది. బిడ్డ గుండె బాగుంది, నీరు పోలేదు. కాన్యులా (చేతికి సూదిగొట్టం) పెట్టి, సరిపడే రక్తం కోసం క్రాస్‌మ్యాచ్‌కి పంపాం. నాలుగు గంటల తర్వాత ఆరు సెంటీమీటర్లు. డ్యూటీ డాక్టరు కొత్తగా వచ్చిన అబ్బాయి, గంటకి ఒక సెంటీమీటరు లెక్కన వెనకబడిందని, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ పెడదామన్నాడు. మనమందరం చదువుకున్న లెక్కే అది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గంటకొక సెంటీమీటరు గీతని తీసేసింది. తల్లీ బిడ్డా బాగున్నంతవరకు ఆ ఒక్క కారణంతో తొందరపెట్టొద్దంది. ఇక్కడ రెండో కారణం కూడా ఉంది. డ్రిప్‌తో ఎక్కువసేపు పనిచేయించిన గర్భసంచి కాన్పయ్యాక వదులైపోయే అవకాశం ఎక్కువ, ఈ తల్లికి మనం భయపడుతున్నదే అది. ఇంకో రెండు గంటలు చూద్దామని, అరగంటకోసారి గుండె వింటానని చెప్పాను. అతను ఒప్పుకున్నాడు, కానీ గది వదిలి వెళ్ళలేదు. అది నాకు నచ్చింది.

అవ్వ ఈలోగా చిలకమ్మని లేపి నిలబెట్టింది. వాళ్ళ ఇళ్ళలో దూలానికి తాడు కట్టి పట్టుకుంటారట. ఇక్కడ దూలం లేదు. కిటికీ చువ్వలు పట్టించి, వెనక నుంచి నడుం కింద రెండు అరచేతులూ ఆనించి, నొప్పి వచ్చినప్పుడల్లా అదిమింది. ఏదో పాటలాంటిది గొణుగుతోంది. మూత్రానికి పంపమని నేను చెప్పబోతుంటే తనే తీసుకెళ్ళింది. రెండు గంటలకి తొమ్మిది. తెల్లవారకముందే గొంతుక్కూర్చున్న తల్లికి 2.6 కిలోల ఆడపిల్ల పుట్టింది. కోత లేదు, చిన్న చీలిక, కుట్టు అక్కర్లేదు. బొడ్డు కొట్టుకోవడం ఆగేదాకా అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నేనూ ఆపేదాన్నే, ఆమెకి తెలియదు కదా.

తొడకి 10 యూనిట్ల ఆక్సిటోసిన్. మాయ ఆరు నిమిషాల్లో వచ్చింది. తల్లి జుట్టే ఆమె నోట్లో పెట్టి ఓకరింపజేస్తే మాయ దిగుతుందని అవ్వ నమ్మకం, ఆ అవసరం రాలేదు. ట్రేలో మాయని ఆమె ముందు పెట్టాను. చేతికి గ్లోవ్స్ తొడిగితే రెండు వేళ్ళు ఒకే వేలి సందులో దూర్చి విసుక్కుంది. సర్దుకున్నాక మాయని బోర్లించి, ముక్కలన్నీ దగ్గరికి చేర్చి, ఒక్కో గడ్డ మీద బొటనవేలు నడిపిస్తూ అంచు చుట్టూ తిరిగింది. పొరని ఎత్తి దీపానికి ఎదురుగా పట్టింది. "నిండుగా ఉంది," అంది. మాయ ముక్క లోపల మిగిలితే రక్తం ఆగదని నాకు శిక్షణలో నేర్పిన పరీక్ష ఇదే, ఇదే వరసలో.

అయినా రక్తం పోయింది. మాయ నిండుగానే ఉంది, గర్భసంచే మెత్తబడింది. కొలిచే గుడ్డలో 400, తర్వాత 600 మిల్లీలీటర్లు దాటింది. మర్దన, ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక గ్రాము. పై నుంచి మర్దన అవ్వ చేతికి అప్పగించాను. కాన్పుకి ముందు వద్దన్న చెయ్యి ఇప్పుడు కావాలి, ఎక్కడ ఎంత గట్టిగా ఆనాలో ఒకసారి చూపిస్తే చాలింది. ఇరవై నిమిషాల్లో గర్భసంచి గట్టిపడింది. ఒక యూనిట్ రక్తం ఎక్కించాం. ఇదే ఇంట్లో జరిగి ఉంటే, అవ్వ చేతులు ఎంత మంచివైనా, ఈ రాత రాసే అవసరమే వేరుగా ఉండేది.

ఆ తర్వాత ఒక కాగితం పని

డిశ్చార్జి రోజు పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రం చేతికిచ్చాం. అప్పుడు మొగుడు మెల్లగా మొదటి బిడ్డ సంగతి ఎత్తాడు. ఇంట్లో పుట్టాడు, ఎక్కడా నమోదు లేదు, ఇప్పుడు బడిలో, ఆధార్‌లో పేచీ. 21 రోజుల్లో చెప్పాల్సింది ఏళ్ళు దాటింది కాబట్టి అధికారి ఉత్తర్వు కావాలి. దరఖాస్తుకి, పురుడు పోసినామె వాంగ్మూలం జత చెయ్యమన్నారు.

1969 జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కాన్పు దగ్గరున్న మిడ్‌వైఫ్, లేదా ఆరోగ్య సహాయకులు ఎవరైనా, ఆ పుట్టుకని రిజిస్ట్రారుకి తెలియజెయ్యాలి. ఇది వాళ్ళ బాధ్యత. పురుడు పొయ్యడానికి అవ్వకి హక్కు ఇవ్వని రాజ్యం, పోసిన పురుడికి సాక్ష్యం మాత్రం ఆమెనే అడిగింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. అవ్వ వేలిముద్ర వెయ్యడానికి భయపడింది. ఇది ఒప్పుకోలు అవుతుందా, కేసు పెడతారా అని నన్ను నాలుగుసార్లు అడిగింది. భయం లేదని, తెలియజెయ్యడం చట్టం చెప్పిన పనేనని వివరంగా చెప్పాక వేసింది. పిల్లవాడికి ధ్రువపత్రం వచ్చింది.

ఈ కేసు నుంచి నేను నిలబెట్టుకున్నవి

మంత్రసానుల్ని మళ్ళీ చట్టబద్ధం చెయ్యాలా అని సమావేశాల్లో అడుగుతారు. దేన్ని చట్టబద్ధం చెయ్యాలని నేను ఎదురడుగుతాను. ఒంటరిగా పురుడు పోసే లైసెన్సు అయితే, రక్తనిల్వకి ఇంత దూరంలో ఉన్న ఊళ్ళకి నేను ఒప్పుకోను. చిలకమ్మ గర్భసంచి మెత్తబడ్డ ఇరవై నిమిషాలే నా కారణం. కానీ మంత్రసానికి ఇప్పుడున్న స్థితి కూడా ప్రమాదమే: పని ఉంది, పేరు లేదు, భయం ఉంది. ఊళ్ళో తల్లి ఎప్పుడు కొండ దిగాలో, దిగాలో లేదో తేల్చేది ఆమె మాట. ఆ మాటని బెదిరింపుతో నోరు మూయిస్తే తల్లులు మనకి కనబడకుండా పోతారు, ఈ కేసులో సరిగ్గా అదే జరిగింది.

చట్టంలో గానీ జీవోలో గానీ రావలసింది చిన్నది. తోడు మనిషిగా మంత్రసాని అని పేరు పెట్టి రాయాలి. ఆమె తెచ్చిన కేసుకి ఆశాకి ఇచ్చినట్టే డబ్బు ఇవ్వాలి. అవ్వకి ఆ రాత్రి కూలి పోయింది, తిరిగి వెళ్ళడానికి బస్సు చార్జీ మా స్టాఫ్ రూమ్‌లో పోగేశాం, అలా ఏ వ్యవస్థా నడవదు. పుట్టుక నమోదులో ఆమె చెప్పిన మాట తీసుకోవాలి, దాని మీద కేసు ఉండదని రాతలో ఉండాలి. దారిలోనే బిడ్డ పుట్టేస్తే ఆమె పట్టినందుకు శిక్ష ఉండకూడదు. సాంప్రదాయ వైద్యులకి నైపుణ్యం పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే స్వచ్ఛంద పథకం ఒకటి క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర ఉంది, అందులో దాయీలూ ఉన్నారు. మంచిదే, కానీ ఆ ధ్రువపత్రం చూపిస్తే కాన్పు గది తలుపు తెరవాలన్న రూలు లేదు. చదువు రాని అవ్వకి కాగితం కన్నా తలుపే ముఖ్యం.

నా స్థితి కూడా చెప్పుకోవాలి. 18 నెలలు చదివిన మిడ్‌వైఫ్‌ని అయినా, ఆ రాత్రి డ్రిప్ వద్దనడానికి నాకు డాక్టరు ఒప్పుకోలు కావలసి వచ్చింది. ఆయన వినే మనిషి కాబట్టి సరిపోయింది. వినని మనిషి డ్యూటీలో ఉంటే 2018 మార్గదర్శకాలు నా బీరువాలోనే ఉండేవి.

మా ఆసుపత్రిలో ఇప్పుడు ఆ చీటీని అచ్చువేయించాం. ఒక వైపు సూపరింటెండెంటు సంతకం, తోడు మనిషి పేరు. రెండో వైపు, చదువు రానివాళ్ళ కోసం, నొప్పుల కోసం ఆగకుండా దింపెయ్యాల్సిన సందర్భాలు బొమ్మల్లో: రక్తం కనబడటం, మూర్ఛ, కాళ్ళూ ముఖం వాపుతో తలనొప్పి, ఉమ్మనీరు పోయి పూటైనా నొప్పులు రాకపోవడం, ముందు చెయ్యో కాలో కనబడటం. బొమ్మలు గీసినప్పుడు అవ్వని పిలిపించాం. చెయ్యి బయటికొచ్చిన బొమ్మ చూసి, బిడ్డ తల ఎటుందో తప్పు గీశారని చెప్పింది. దిద్దించాం.